మానిటర్ మొరాయిస్తే డ్రైవర్లనే తిట్టకండి

ప్రశ్న: ల్యాప్‌టాప్ యూఎస్‌బీ-సీ పోర్టుకి హబ్ (ఒక పోర్టుని చాలా పోర్టులుగా చేసే డబ్బా) పెట్టి, అందులోంచి హెచ్‌డీఎంఐతో 4కె మానిటర్ కలిపాను. బొమ్మ వస్తోంది గానీ మౌస్ బాణం తడబడుతూ కదులుతోంది. రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మని కొత్తగా చూపిస్తుందో ఆ అంకె, 30 హెర్ట్జ్ దాటడం లేదు. డ్రైవర్లు (పరికరాల్ని నడిపే సాఫ్ట్‌వేర్) రెండుసార్లు మార్చాను.

జవాబు: డ్రైవర్ల జోలికి ఇక వెళ్లకండి. ఇరుకంతా చాలావరకు హబ్‌లోనే ఉండి ఉంటుంది. యూఎస్‌బీ-సీలో వేగంగా డేటా మోసే దారులు నాలుగు. మానిటర్‌కి నేరుగా కేబుల్ వేస్తే నాలుగూ బొమ్మకే దక్కుతాయి. హబ్‌కి యూఎస్‌బీ 3 పోర్టులు కూడా ఉంటే మామూలుగా రెండు దారులు వాటికి పోయి, బొమ్మకి రెండే మిగులుతాయి. యూఎస్‌బీ-సీలోంచి బొమ్మ వెళ్లేది డిస్‌ప్లేపోర్ట్ అనే పద్ధతిలో. దాని 1.2 వెర్షన్‌లో ఒక్కో దారి వేగం సెకనుకి 5.4 గిగాబిట్లు. ఎన్‌కోడింగ్‌కి (డేటాని పంపే రూపంలోకి మార్చడానికి) పోయేది పోగా రెండు దారుల్లో చేతికొచ్చేది 8.64 గిగాబిట్లు. మామూలు 8 బిట్ రంగులతో 4కె బొమ్మ 60 హెర్ట్జ్‌లో రావాలంటే సుమారు 12.5 కావాలి. 30 హెర్ట్జ్‌కైతే ఆరు పైచిలుకు చాలు. అందుకే అక్కడే ఆగిపోతోంది.

రిజల్యూషన్‌ని 2560×1440కి తగ్గించి చూడండి. 60 హెర్ట్జ్ కనిపించిందంటే లోపం సాఫ్ట్‌వేర్‌లో కాదు, దారి వెడల్పులోనే. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరుసలో వెళ్లి, పైన రెండో మానిటర్‌ని ఎంచుకున్నాకే రేటు చూడాలి. లేకపోతే ల్యాప్‌టాప్ తెర అంకె చూసి పొరబడతారు.

అన్నిటికన్నా నమ్మకమైన మందు యూఎస్‌బీ-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి వెళ్లే కేబుల్. మానిటర్‌కి నేరుగా అదే వేసి, హబ్‌ని ఇంకో పోర్టులో మౌస్, పెన్‌డ్రైవ్‌లకి వదిలేయండి. ల్యాప్‌టాప్‌కే హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు ఉంటే అదీ సరిపోతుంది, 1.4 అయితే మళ్లీ 30 దగ్గరే ఆగుతుంది. కొన్ని మానిటర్లలో మెనూలోకి వెళ్లి హెచ్‌డీఎంఐని 2.0కి మార్చాల్సి ఉంటుంది, అదీ ఒకసారి చూడండి. హబ్బే కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ 1.4 ఉన్నది తీసుకోండి. రెండు దారుల్లోనే 12.96 వస్తుంది, బొటాబొటిగా సరిపోతుంది. అయితే ల్యాప్‌టాప్‌లో కూడా డిస్‌ప్లేపోర్ట్ 1.4 ఉండాలి. డబ్బా మీద ‘4కె’ అని పెద్దక్షరాలు చూసి మురిసిపోవద్దు, పక్కన హెర్ట్జ్ ఎంత రాశారో వెతకండి.

ప్రశ్న: ఫోన్ ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ని యూఎస్‌బీ-సీ మానిటర్‌కి కలిపాను. ఛార్జింగ్ ఎక్కుతోంది, తెర మీద మాత్రం ‘నో సిగ్నల్’.

జవాబు: ఫోన్లతో వచ్చే చాలా కేబుళ్లలో కరెంటు తీగలు, పాత యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి. బొమ్మని మోసే జతలు ఉండవు. మానిటర్‌తో వచ్చిన కేబుల్ వేసి చూడండి. అప్పటికీ రాకపోతే పోర్టు సంగతి చూడాలి. పక్కన మెరుపు గుర్తుంటే థండర్‌బోల్ట్, ‘డి’లో ‘పి’ కలిసిన గుర్తుంటే డిస్‌ప్లేపోర్ట్, రెండిట్లోనూ వీడియో వస్తుంది. ఏ గుర్తూ లేకపోతే మీ మోడల్ వివరాల్లో ‘డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్’ (యూఎస్‌బీ-సీలోంచి వీడియో పంపే సౌకర్యం) ఉందేమో చూడండి. లేకపోతే ఏ కేబుల్ కొన్నా ఆ పోర్టులోంచి నేరుగా బొమ్మ రాదు. పోర్టూ కేబులూ బాగానే ఉంటే మానిటర్ మెనూలో ఇన్‌పుట్ సరిచూసి, విండోస్ మీట పట్టుకుని ‘పి’ నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ ఉంది, మానిటర్‌లో డిస్‌ప్లేపోర్టే ఖాళీ. రెండిటినీ కలిపే కేబుల్ కొన్నా పనిచేయట్లేదు.

జవాబు: మామూలుగా దొరికే ఆ కేబుళ్లలో చాలావాటికి ఒకటే దిశ: డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి. మీకు కావాల్సింది ఎదురు దిశ. దానికి సిగ్నల్‌ని మార్చే యాక్టివ్ కన్వర్టర్ ఉండాలి. వాటిలో చాలావాటికి కరెంటు కోసం ఒక యూఎస్‌బీ తోక వేలాడుతుంటుంది.

ప్రశ్న: కుర్చీలోంచి లేచినప్పుడల్లా మానిటర్ క్షణంపాటు నల్లబడుతోంది. ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు.

జవాబు: నవ్వాల్సిన పని లేదు. గ్యాస్ లిఫ్ట్ ఉన్న కుర్చీల్లో కూర్చున్నా లేచినా స్థిర విద్యుత్తు ఒక్కసారిగా విడుదలై, వీడియో కేబుల్ దాన్ని యాంటెనాలా పట్టుకోవడం తెలిసిన సమస్యే. షీల్డింగ్ (తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు) గట్టిగా ఉన్న పొట్టి కేబుల్ వేసి, దాన్ని కుర్చీకి దూరంగా నడిపించండి. కేబుల్‌కి ఫెర్రైట్ పూస (ఇలాంటి అలజడిని అణిచే చిన్న అయస్కాంత పదార్థపు గొట్టం) బిగించినా చాలాసార్లు తగ్గుతుంది.