కుళాయి నీళ్లు మార్చాక రంగుచేపలు చనిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: పెరట్లో 500 లీటర్ల సిమెంటు తొట్లు నాలుగు, 100 లీటర్ల గాజు తొట్లు ఆరు పెట్టుకుని గోల్డ్‌ఫిష్, గప్పీ, మోలీ పెంచి దుకాణాలకు ఇస్తున్నాను. ఏడాదిగా మున్సిపల్ కుళాయి పైపు నేరుగా తొట్టిలో వేసి నీళ్లు మారుస్తున్నా ఏమీ కాలేదు. జూన్ చివర్లో ఒక సిమెంటు తొట్టిలో సగం నీళ్లు తీసి కొత్తవి పట్టాను. గంటలోనే గోల్డ్‌ఫిష్ పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. సాయంత్రానికి 60 పోయాయి. గాజు తొట్లలో పావు వంతే మార్చి, ఫిల్టరు స్పాంజీలు కుళాయి కింద కడిగి పెట్టాను. వాటిలో గప్పీలు మూడో రోజు నుంచి చనిపోతున్నాయి. దుకాణంలో నీలం మందు వేయమన్నారు, పక్కింటివాళ్లు ఉప్పు వేయమన్నారు. కుళాయి నీళ్లను ఎలా శుద్ధి చేసుకోవాలి?
– ఒక మహిళా రైతు, తణుకు

జవాబు: అమ్మా, పిల్లల్లా చూసుకున్న చేపలు ఒక్క పూటలో అలా పోతే ఎంత బాధో నాకు తెలుసు. ఇది జబ్బు కాదు. జబ్బయితే గంటలో తొట్టి మొత్తానికి రాదు. మీరు రాసినదాన్ని బట్టి సిమెంటు తొట్టిలో చేపలను చంపింది క్లోరిన్. గాజు తొట్లలో గప్పీలను చంపుతున్నది అమ్మోనియా. దానికి కూడా మూలం ఆ క్లోరినే.

ఏడాదిగా ఏమీ కాలేదన్నారు. కుళాయి అదే అయినా అందులో వచ్చే నీళ్లు ఏడాది పొడవునా ఒక్కలా ఉండవు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు డెల్టా పట్టణాలకు నిల్వ చెరువుల నీళ్లే ఆధారం. జూన్‌లో కాలువలకు వదిలాక కొత్తనీరు వస్తుంది, దాని వెనకే గోదావరి ఎర్రనీరు. బురద, కుళ్లిన చెత్త ఉన్న నీటిలో వేసిన క్లోరిన్ కొంత వాటికే ఖర్చయిపోతుంది. అందుకని అతిసారం ప్రబలకుండా వానాకాలంలో మోతాదు పెంచుతారు. పెంచాలి కూడా, మనుషుల ప్రాణాలు ముఖ్యం. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి దగ్గర కనీసం 0.2 పీపీఎం (అంటే లీటరు నీటికి 0.2 మిల్లీగ్రాములు) క్లోరిన్ మిగలాలి, 1 పీపీఎం దాకా ఉండొచ్చు. చేపకు మాత్రం 0.02 పీపీఎం దగ్గరే ప్రమాదం మొదలవుతుంది. అంటే మనకు కనీసంగా కావలసినదే చేపకు పదింతలు ఎక్కువ. ఇన్నాళ్లూ మోతాదు తక్కువగా ఉండి, తొట్టిలోని పాచీ మడ్డీ కొంత మింగేయడం వల్ల మీ చేపలు గట్టెక్కాయి.

మళ్లీ ఎప్పుడైనా అనుమానం వస్తే అప్పుడే చనిపోయిన చేప మొప్పల మూతను గోరుతో ఎత్తి చూడండి. బాగున్న చేప మొప్పలు దువ్వెన పళ్లలా విడివిడిగా, ఎర్రగా ఉంటాయి. క్లోరిన్ తగిలినవి జిగురు కమ్మి, పళ్లన్నీ అంటుకుపోయి, పాలిపోయి కనిపిస్తాయి. నీళ్లలో ప్రాణవాయువు ఉన్నా ఆ మొప్పలు తీసుకోలేవు. నోళ్లు తెరిచి పైకి వచ్చేది అందుకే.

ఇకనుంచి కుళాయి పైపు చేపలున్న తొట్టిలోకి వెళ్లకూడదు. వెడల్పు మూతి ఉన్న 200 లీటర్ల డ్రమ్మొకటి నీళ్లకోసమే కేటాయించండి. ముందురోజు ఉదయం పట్టి, మూత తీసి, ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేసి 24 గంటలు ఉంచితే క్లోరిన్ చాలావరకు గాలిలోకి పోతుంది. ఎండ తగిలితే ఇంకా త్వరగా పోతుంది. మూత బిగించిన మేడమీది ట్యాంకులో నిల్వ ఉంచి, విరిగిపోయిందనుకోవడం పొరపాటు. అక్కడ గాలీ ఆడదు, ఎండా తగలదు.

అంత ఆగడం కుదరనప్పుడు హైపో వాడండి. దీన్నే సోడియం థయోసల్ఫేట్ అంటారు. ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో వాడిన పటికబెల్లం పలుకుల్లాంటి స్ఫటికాలివే. రొయ్య హేచరీల్లో క్లోరిన్ విరగ్గొట్టడానికి ఇప్పటికీ ఇదే వాడతారు కాబట్టి మీ జిల్లాలో ఆక్వా మందుల దుకాణాల్లో దొరుకుతుంది. 100 గ్రాములు కొద్ది నీళ్లలో కరిగించి, మొత్తం ఒక లీటరు చేసి, రంగు సీసాలో పోసి నీడలో పెట్టుకోండి. సూది తీసిన సిరంజితో 100 లీటర్ల కొత్త నీటికి 10 మిల్లీలీటర్లు కలపండి. ఒక పాలు క్లోరిన్‌కు ఏడు పాళ్ల హైపో అన్న లెక్కన ఇది 1.4 పీపీఎం దాకా సరిపోతుంది. బాగా కలియబెట్టి, పావుగంట గాలి కొట్టించి, తర్వాత తొట్టిలోకి తోడండి. ద్రావణం నెలకోసారి కొత్తగా చేసుకోండి, పాతబడితే పట్టు తగ్గుతుంది.

మోతాదు చాలిందో లేదో కళ్లతో చూసుకోవచ్చు. మంచినీటి పథకాల సిబ్బంది వాడే చుక్కల పరీక్ష కిట్టు ఒకటి కొనుక్కోండి. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్న నీరు పసుపు పచ్చగా మారుతుంది, ఎంత ముదురైతే అంత ఎక్కువ. హైపో వేసిన నీటిలో ఏ రంగూ రాకూడదు. లేత పసుపు కనిపించినా ఇంకో 5 మిల్లీలీటర్లు వేసి మళ్లీ చూడండి. పరీక్ష చేసిన నీళ్లు విషం, తొట్టిలో పోయకండి, పిల్లల చేతికి అందనివ్వకండి. వానాకాలంలో నీళ్లు మార్చే ప్రతిసారీ ఈ పరీక్ష చేయాలి.

ఇక గప్పీల సంగతి. చేపల విసర్జనలోంచి వచ్చే అమ్మోనియాను విరగ్గొట్టే మంచి బ్యాక్టీరియా ఆ స్పాంజీలోనే కాపురం ఉంటుంది. మీరు శుభ్రంగా ఉండాలని కుళాయి కింద కడిగారు, క్లోరిన్‌కు అవి చచ్చిపోయాయి. రెండు మూడు రోజుల్లో అమ్మోనియా పేరుకుంది. స్పాంజీని ఎప్పుడూ తొట్టిలోంచి తోడిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయాలి, జిడ్డు కొంచెం మిగలనివ్వాలి.

నీలం మందు క్లోరిన్‌ను తీయదు, పైగా మిగిలిన కాస్త బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. వేయకండి. ఉప్పు కూడా క్లోరిన్‌ను తీయదు. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ ప్రాణవాయువు తక్కువ, మీ వైపు ఇనుము, ఉప్పదనం కూడా ఎక్కువగా ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా వాటికి మారకండి.

ఒకేసారి సగం నీళ్లు మార్చడం మానండి. వారానికి పావు వంతు చాలు, అదీ ఉదయం పూటే. మధ్యాహ్నం పైపులో వచ్చే నీళ్లు వేడెక్కి ఉంటాయి. తొట్టి నీటికీ కొత్త నీటికీ రెండు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు.

ఎప్పుడైనా పొరపాటున నేరుగా పట్టేసి చేపలు పైకి వస్తుంటే, మొత్తం తొట్టి కొలతకు లెక్కేసి హైపో వెంటనే పోయండి. 500 లీటర్లకు 50 మిల్లీలీటర్లు. గాలి పెంచండి. కంగారులో మళ్లీ కుళాయి నీళ్లు పట్టకండి.

ఇప్పుడు మిగిలిన గప్పీలకు రెండు రోజులు మేత ఆపండి, తర్వాత వారం పాటు సగమే వేయండి. రోజూ ఒక్కో తొట్టిలోంచి పది లీటర్లు తీసి, హైపో వేసి పరీక్షించిన నీళ్లు పది లీటర్లు పోయండి. మీ మిగతా సిమెంటు తొట్లలో కడగని స్పాంజీ ఉండి, చేపలు ఆరోగ్యంగా ఉంటే, దాంట్లోంచి అరచేయంత ముక్క కోసి గాజు తొట్టి ఫిల్టరులో పెట్టండి. అమ్మోనియా పరీక్షలో వరుసగా మూడు రోజులు సున్నా వచ్చేదాకా ఆ తొట్లలో కొత్త చేపలు వదలకండి.