స్కూబా సిలిండర్ వాల్వు తెరవగానే గాలి ఎందుకు లీకవుతుంది?

నీటి అడుగున ఈదేవారు ఊపిరి కోసం వీపున మోసే గాలి సిలిండరే స్కూబా సిలిండర్. చాలా సందర్భాల్లో లోపం సిలిండర్‌ది కాదు, వాల్వుకూ రెగ్యులేటర్‌కూ (సిలిండర్ గాలి పీడనాన్ని తగ్గించి నోటికి అందించే పరికరం) మధ్య ఉండే చిన్న గుండ్రటి రబ్బరు రింగుది, అంటే ఓ-రింగ్‌ది. నిండిన సిలిండర్‌లో గాలి పీడనం సుమారు 200 బార్లు, అంటే మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనానికి దాదాపు 200 రెట్లు. ఆ పీడనమే మెత్తటి రింగును లోహపు సందులోకి నెట్టి గాలికి దారి మూసేస్తుంది. ఎండకు, వాడకానికి రబ్బరు గట్టిపడినా, అంచు తెగినా రింగు ఆ సందులో ఒదగదు.

ఉదాహరణకు, రెగ్యులేటర్ బిగించేటప్పుడు రింగు కూర్చునే గాడిలో ఒక ఇసుక రేణువు మిగిలిపోయిందనుకోండి. రింగు అక్కడ సరిగా ఆనదు, వాల్వు తెరవగానే గాలి బుస్సుమంటుంది. అప్పుడు వాల్వు మూసి, గొట్టాల్లోని గాలి వదిలేసి, రెగ్యులేటర్ విప్పి, గాడి తుడిచి కొత్త రింగు వేయాలి. పాతదాన్ని పదునైన ఇనుప మొనతో పెకలించవద్దు. గాడిలో గీత పడితే కొత్త రింగు కూడా లీకవుతుంది.

ఇంకా గట్టిగా బిగిస్తే లీకు ఆగుతుందని చాలామంది నమ్ముతారు. ఆగదు. రెగ్యులేటర్ మరను చేత్తో బిగిస్తే చాలు, ఎంత తిప్పినా తెగిన రబ్బరు అతుక్కోదు. సన్నని బుడగలే కదా అని అలాగే దిగడం మరీ ప్రమాదం: నీళ్లలో రింగు చీలి బయటకు వచ్చేస్తే సిలిండర్ నిమిషాల్లో ఖాళీ అవుతుంది.