యాప్‌లో బిల్లు, టాలీలో లెక్క: నర్సంపేట దుకాణదారుకు సమాధానం

ప్రశ్న: నర్సంపేటలో మాకు ట్రాక్టర్ విడిభాగాలు, స్ప్రేయర్లు, స్ప్రింక్లర్లు అమ్మే దుకాణం ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ నా సొంత పేరు మీదే ఉంది. నిరుడు 1.60 కోట్ల రూపాయల అమ్మకం జరిగింది. నెలకు సుమారు 300 బిల్లులు అవుతాయి. ఎక్కువ రైతులవే, అందులో సగం ఉద్దెర. వరంగల్‌లోని మా అకౌంటెంటు గారు అయిదేండ్లుగా నెలకు 3,500 రూపాయలు తీసుకుని టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాస్తున్నారు. డేటా అంతా ఆయన కంప్యూటర్‌లోనే ఉంది. ఏడాదికి 12,000 రూపాయలు కట్టి ఫోన్‌లో పనిచేసే క్లౌడ్ యాప్‌కు మారుదామని మా అబ్బాయి అంటున్నాడు. టాలీ వదిలితే నెలకు ఇంకో 1,500 ఇవ్వాలని, లేదంటే వేరొకరిని చూసుకొమ్మని అకౌంటెంటు గారు అన్నారు. ఎవరి మాట వినాలి? పాత ఉద్దెర బాకీలను కొత్తదానిలోకి ఎట్లా తీసుకుపోవాలి?

సమాధానం: మీరు చెప్పిన అంకెలనే కూడి చూద్దాం. ఇప్పుడు లెక్కల ఖర్చు ఏడాదికి 42,000 రూపాయలు. యాప్‌కు 12,000, అకౌంటెంటు గారు అడిగిన అదనపు సొమ్ము 18,000 కలిపితే అది 72,000 అవుతుంది. ఉన్నపళంగా 30,000 రూపాయలు ఎక్కువ పెట్టినా అదే బిల్లును మీ దుకాణంలో ఒకసారి, వరంగల్‌లో ఇంకోసారి టైపు చేసే పని తప్పకపోతే ఆ మార్పు దండగ. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ గొప్పదనే వాదన పక్కన పెట్టి, బిల్లును ఎన్నిసార్లు టైపు చేస్తున్నారు, అయిదేండ్ల లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయి అనే రెండు సంగతులు ముందు తేల్చుకోండి.

అకౌంటెంటు గారు అడిగిన 1,500 ఆశకు పోయి అడిగినదని నేను అనుకోను. టాలీలో ఎఫ్8 నొక్కితే అమ్మకం, ఎఫ్9 నొక్కితే కొనుగోలు అని వేళ్లకు అలవాటైన మనిషి ఆయన. నెలనెలా రిటర్నులు వేసేవారికి 11వ తేదీకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరం), 20వ తేదీకి జీఎస్టీఆర్-3బి (మొత్తాలు చూపి పన్ను కట్టే రిటర్ను) గడువులు ఉంటాయి కనుక ఆ పది రోజుల్లోనే తన ఖాతాదారులందరి పనీ ముగించుకోవాలి. ఒక దుకాణం కోసం వేరే తెర, వేరే పాస్‌వర్డు, వేరే నివేదికలు నేర్చుకోవడానికి పట్టే సమయాన్ని ఆయన మీ ఖాతాలోనే వేస్తారు. అలాగని ఆయన సౌకర్యం కోసం మీ కౌంటరులో చేతి బిల్లు పుస్తకమే ఉండాలనడమూ సబబు కాదు. పత్తి, మిర్చి ఎనుమాముల మార్కెట్‌లో అమ్ముకున్నాక బాకీ తీర్చే రైతు దుకాణానికి వచ్చి నిలబడ్డప్పుడు అతని ఖాతా మీ అబ్బాయి ఎదుట తెరుచుకోవాలి గాని వరంగల్‌కు ఫోన్ చేసి కనుక్కునే పరిస్థితి ఉండకూడదు.

ఇద్దరికీ తట్టని దారి ఒకటి ఉంది. జీఎస్టీ నంబరు లేని స్థానిక రైతులకు మీరిచ్చే బిల్లులను రిటర్నులో ఒక్కొక్కటిగా చూపనవసరం లేదు. పన్ను రేటు వారీగా మొత్తాలు చూపితే సరిపోతుంది. దానితోపాటు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌ల (సరుకు రకాన్ని తెలిపే అంకెల) వారీ పట్టిక కావాలి, అది యాప్ నివేదికలోనే దొరుకుతుంది. అంటే మీ 300 బిల్లుల్లో అధిక భాగాన్ని అకౌంటెంటు గారు మళ్లీ టైపు చేయనక్కరలేదు. మీ అబ్బాయి యాప్‌లోనే బిల్లులు కొట్టి, రైతుల ఉద్దెర ఖాతాలు, నిల్వ సరుకు లెక్క అందులోనే నడుపుకోవచ్చు. నెల ముగిశాక రోజువారీ, రేటువారీ మొత్తాల పట్టికను, జీఎస్టీ నంబరున్న కొనుగోలుదారులకిచ్చిన బిల్లులను ఎక్సెల్‌లో పంపితే ఆయన టాలీలో పద్దు వేసుకుంటారు. కొనుగోలు బిల్లులు మాత్రం రెండు చోట్లా ఎక్కించక తప్పదు, ఎందుకంటే నిల్వ యాప్‌లో ఉంటుంది, ఇన్‌పుట్ పన్ను, అంటే కొనుగోళ్ల మీద కట్టి తర్వాత మినహాయించుకునే పన్ను, సరిచూసుకునేది టాలీలో. అవి అమ్మకం బిల్లులకంటే చాలా తక్కువ కనుక ఆ శ్రమను ఒప్పుకోవచ్చు. ఈ లెక్కన ఆయన పని పెరగదు, తగ్గుతుంది. పాత 3,500కే ఒప్పుకొమ్మని అడగండి. టైపింగు తగ్గినందుకు బదులుగా ప్రతి నెలా జీఎస్టీఆర్-2బితో (మీ సరఫరాదారులు చూపిన బిల్లులతో పోర్టల్ తయారుచేసే పట్టికతో) మీ కొనుగోళ్లను సరిపోల్చి, తేడా ఉన్న సరఫరాదారుల పేర్లు మీకు పంపాలని మాట తీసుకోండి. 2022 జనవరి 1 నుంచి 2బిలో కనబడని బిల్లుకు ఇన్‌పుట్ పన్ను రాదు. మీ డబ్బు జారిపోయేది అక్కడే.

రెండు చోట్ల లెక్క ఉన్నప్పుడు వచ్చే ఇబ్బంది ఎట్లా ఉంటుందో మీ సరుకుతోనే చూపుతాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ టైర్ల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. కౌంటరులో రేటు మార్చి, టాలీలో మార్చడం మరిచిపోయారనుకోండి: 10,000 రూపాయల విలువైన టైరుకు రైతు దగ్గర 500 వసూలు చేసి, లెక్కలో 1,800 బాధ్యత చూపుతారు, గమనించకపోతే టైరుకు 1,300 మీ జేబులోంచి పోతుంది. కౌంటరులోనే పాత రేటు ఉండిపోతే ఇంకో తంటా, ఎక్కువగా వసూలు చేసిన పన్నును ప్రభుత్వానికి కట్టాల్సిందే. అందుకే అకౌంటెంటు గారు మొత్తాలు ఎక్కించుకునే ముందు ప్రతి రేటు కింద అమ్మకం విలువ, పన్ను రెండూ యాప్‌తో కలిశాయో లేదో చూడాలి.

ఇక డేటా సంగతి. యాప్ కొన్నా కొనకపోయినా ఈ వారమే చేయవలసిన పని ఇది. అయిదేండ్ల టాలీ బ్యాకప్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకుని, మరో కంప్యూటర్‌లో తెరిపించి, ప్రతి మార్చి 31 నాటి ట్రయల్ బ్యాలెన్సును (అన్ని ఖాతాల నిల్వల పట్టికను) మీ దగ్గరున్న కాగితాలతో పోల్చండి. డేటాకు తాళం వేసే టాలీవాల్ట్ పాస్‌వర్డు పెట్టారేమో అడిగి రాసుకోండి. అది మరిచిపోతే ఆ డేటా తిరిగి దక్కదు. కొత్త వెర్షన్‌లో నడిచిన డేటా పాత వెర్షన్‌లో తెరుచుకోదు కనుక వెర్షన్ కూడా రాసిపెట్టుకోవాలి. జీఎస్టీ పోర్టల్‌లో ఉన్న ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవేనా అన్నదీ చూసుకోండి. ఇవన్నీ అడిగితే ఆయన నొచ్చుకుంటారని మొహమాటపడకండి. మీ లెక్కల పుస్తకాలకు చట్టం ముందు బాధ్యులు మీరే.

మీ అబ్బాయి చూసిన యాప్‌కూ రెండు పరీక్షలు పెట్టండి. మొదటిది, ఒక ఉత్తుత్తి బిల్లు చేసి తొలగించి చూడండి. ఆ సంఖ్య, ఎవరు ఎప్పుడు తీశారన్న వివరం జాడ లేకుండా పోతే ఆ యాప్ వద్దు. ఇలాంటి మార్పుల జాడ, అంటే ఎడిట్ లాగ్ గురించి 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కంపెనీల నిబంధన మీలాంటి సొంత వ్యాపారానికి వర్తించదు గాని, కంప్యూటర్‌లో లెక్కలు పెట్టేవారు మార్చిన, తొలగించిన పద్దుల జాడ ఉంచాలని జీఎస్టీ నిబంధనల్లోనే ఉంది. రెండోది, చందా ఆపేసిన తర్వాత డేటా ఏమవుతుందో రాతపూర్వకంగా అడగండి. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు దాచాలి. 2024-25 సంవత్సరపు లెక్కలు 2031 డిసెంబర్ 31 దాకా మీ దగ్గర ఉండాలన్న మాట. ప్రతి ఏడాదీ మొత్తం డేటాను ఎక్సెల్‌లోనూ పీడీఎఫ్‌లోనూ దించుకోలేని యాప్‌కు 12,000 కాదు, 1,200 కూడా ఎక్కువే.

అమ్మకం రెండు కోట్ల లోపే కనుక ఆదాయపు పన్నుకు అంచనా లాభం, అంటే నగదు అమ్మకాల మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతం చూపితే చాలు, పుస్తకాలెందుకని ఎవరైనా మీకు చెప్పవచ్చు. జీఎస్టీ చట్టానికి ఆ మినహాయింపుతో సంబంధం లేదు, సరుకు, బాకీల పూచీ మీద క్యాష్ క్రెడిట్ అప్పు ఇచ్చే బ్యాంకు కూడా నిల్వ సరుకు, రావలసిన బాకీల వివరం అడుగుతుంది. ఇల్లు గడపడానికి గల్లాలోంచి తీసే ప్రతి రూపాయినీ అబ్బాయి చేత సొంత వాడకం కింద రాయించండి. దుకాణం లాభమెంతో అప్పుడే తెలుస్తుంది. మారేదేదో ఏప్రిల్ 1న మారండి, నడి సంవత్సరంలో వద్దు. అమ్మకం 5 కోట్లు దాటితే జీఎస్టీ నంబరున్న కొనుగోలుదారుల బిల్లులకు ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) తప్పనిసరి అవుతుంది, అప్పుడు బిల్లు, లెక్క రెండూ ఒకే చోట ఉండే ఏర్పాటును మళ్లీ ఆలోచించవచ్చు.

పాత ఉద్దెర బాకీలను ఉన్నవి ఉన్నట్టుగా యాప్‌లోకి ఎక్కించకండి. అరువు మీద సరుకిచ్చిన బాకీకి కోర్టుకు వెళ్లే గడువు మూడేండ్లు. ఆ గడువు తీరకముందే రైతు బాకీ ఒప్పుకుంటూ తేదీ వేసి సంతకం చేస్తే గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. మార్చిలోగా ఊరి వారీగా జాబితా తీసి, రెండేండ్లు దాటిన ప్రతి పేరు దగ్గరా ఖాతా కాగితం మీద సంతకం తీసుకోండి, ఆ కాగితం ఫొటోను యాప్‌లోని అతని ఖాతాకు జతచేయండి. మూడేండ్లు దాటి, సంతకమూ లేని పేర్లను వేరే పట్టీలో ఉంచండి. అడగడం మానవద్దు గాని, బ్యాంకుకు ఇచ్చే బాకీల మొత్తంలో మాత్రం వాటిని కలపవద్దు.