బ్రిటన్ చారిటీ షాపుల్లో ఏవి కొనవచ్చు, ఏవి వద్దు?

చదువుకోవడానికి బ్రిటన్ వెళ్తున్నవాళ్లు అక్కడి చారిటీ షాపుల్లో పాత వస్తువులు కొనవచ్చా అని అడిగారు. నిస్సంకోచంగా కొనండి. ఆక్స్‌ఫామ్ లాంటి సంస్థలు జనం ఉచితంగా ఇచ్చినవాటిని అమ్మి, ఆ డబ్బు సేవకు వాడతాయి. పుస్తకాలు, పింగాణీ కప్పులు, చలికోట్లు అందరూ కొంటారు. కోటు తీసుకునేముందు జిప్పు పైకీ కిందికీ లాగండి, చంకల దగ్గర లైనింగ్ చిరిగిందేమో తిప్పి చూడండి. లోదుస్తులు, దిండ్లు చాలామంది ముట్టుకోరు. సోఫాకైతే 1988 నాటి నిబంధనల ప్రకారం మంటలకు తట్టుకుంటుందని చెప్పే లేబుల్ ఉండాలి; అది లేకపోతే షాపువాళ్లే తీసుకోరు. సైకిల్ హెల్మెట్, పిల్లల కారు సీటు మాత్రం ఎంత చవకైనా పాతవి వద్దు. లోపల దెబ్బతిన్నా పైకి కనిపించదు.