ఫైల్ లెక్క చూడకుండా గ్రాఫిక్స్ కార్డు కొనకండి

"పెద్ద సైజు డిజిటల్ పెయింటింగులు వేస్తుంటే ల్యాప్‌టాప్ బిగుసుకుపోతోంది. గ్రాఫిక్స్ కార్డున్న కొత్తది కొనాలా?" అని అడిగారు. ఇప్పుడే కొనకండి. ముందు మీ ఫైల్ ఎన్ని పిక్సెళ్ళదో, ఎన్ని బిట్లదో (అంటే ఒక్కో రంగుని ఎంత వివరంగా దాస్తోందో) చూడండి. ఫ్లెక్సులకీ హోర్డింగులకీ బొమ్మలు వేసి బతికేవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: ఈ బాధ పడేవాళ్ళలో చాలామందికి అడ్డుపడేది మెమరీ, డిస్కు. గ్రాఫిక్స్ కార్డు కాదు.

వినాయక చవితి ముందు జరిగిన సంగతి చెబుతాను. మా మేనకోడలు ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది, విశాఖలో పెదవాల్తేరులో ఉంటారు. వాళ్ళ వీధి కమిటీవాళ్ళు మండపంలో విగ్రహం వెనక కట్టడానికి కైలాసం బొమ్మ వేసిపెట్టమన్నారు. 8 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు. డబ్బులు తీసుకుని వేస్తున్న మొదటి పని. రాత్రి పది దాటాక ఫోన్ చేసి, "మావయ్యా, గీత గీసి పెన్ను పైకి తీశాక ఎప్పటికో వస్తోంది. సేవ్ కొడితే 2 జీబీ దాటింది, కుదరదంటోంది. ఎల్లుండి ప్రింటుకి ఇవ్వాలి" అంటూ ఏడుపు గొంతుతో చెప్పింది. అప్పటికే రిపేరు షాపుకి తీసుకెళ్ళిందట. అక్కడతను ఫైల్ తెరిచి కూడా చూడలేదు. దీంట్లో గ్రాఫిక్స్ కార్డు లేదు, ఆర్టు పనికి ఇది పనికిరాదు, కొత్తది తీసుకోండి అన్నాడట. మా చెల్లెలు గొలుసు తాకట్టు పెట్టే ఆలోచనలో ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. బొమ్మ ఎంత బాగా వేసిందో! మంచు మీద వెన్నెల పడిన చోట నీలం వాడిన తీరు చూసి కాసేపు వచ్చిన పనే మర్చిపోయాను. తర్వాత ఇమేజ్ సైజు తెరిచాం. ప్రింటింగువాళ్ళు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కావాలన్నారని అలాగే పెట్టింది. అంటే 28,800 పిక్సెళ్ళ వెడల్పు, 21,600 ఎత్తు. గుణిస్తే 62 కోట్ల పైచిలుకు పిక్సెళ్ళు. 8 బిట్ల ఫైల్లో పిక్సెల్‌కి నాలుగు బైట్ల చొప్పున, పూర్తిగా నిండిన ఒక్క లేయరే (బొమ్మలో ఒక పొర) దాదాపు 2.5 జీబీ. ఆమె ఫైల్ 16 బిట్లలో ఉంది, ఏదో వీడియోలో రంగులు బాగా వస్తాయని చెప్పారట. అంటే పిక్సెల్‌కి రెట్టింపు బైట్లు, లేయర్‌కి 5 జీబీ. ల్యాప్‌టాప్‌లో ఉన్న ర్యామ్, అంటే మెమరీ, మొత్తం 8 జీబీ. అందులో విండోస్ వాటా పోగా మిగిలినదాంట్లో ఫొటోషాప్ మామూలుగా తీసుకునేది 70 శాతమే.

ర్యామ్ చాలకపోతే ఫొటోషాప్ డిస్కు మీద పడుతుంది. దాన్నే స్క్రాచ్ డిస్క్ అంటారు. వంటింట్లో చోటు లేక గిన్నెలన్నీ పెరట్లో పెట్టుకుని, చెంచా కావాల్సినప్పుడల్లా పెరట్లోకి వెళ్ళి రావడం లాంటిది. అందులోనూ ఆ పిల్లది పాత హార్డ్ డిస్కు. అలాంటివి సెకనుకి 100 నుంచి 150 ఎంబీ చదివితే గొప్ప. తిరిగే పళ్ళేలు లేని కొత్త రకం డిస్కు, మామూలు సాటా ఎస్ఎస్‌డీ అయితే 500 దాకా చదువుతుంది. పైగా సీ డ్రైవ్ ఎర్ర గీత చూపిస్తోంది, అంటే పదో వంతు కూడా ఖాళీ లేదు.

మీ దగ్గర కూడా ఇదే జరుగుతోందో లేదో తేల్చుకోవడం తేలిక. ఫొటోషాప్‌లో బొమ్మ కింద ఎడమవైపు ఉన్న బాణం గుర్తు నొక్కి ఎఫిషియన్సీ ఎంచుకోండి. పని చేస్తున్నప్పుడు అది 100 కంటే తగ్గితే డిస్కు మీద ఆధారపడుతోందని అర్థం. మేం చూసినప్పుడు అది పడిపోతూనే ఉంది. క్రిటా అనే ఉచిత పెయింటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి కింది పట్టీలోనే బొమ్మ ఎంత మెమరీ తింటోందో కనిపిస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మెమరీ నిండిపోయి, డిస్కు 100 శాతం దగ్గర నిలబడి ఉంటే ఇక వేరే అనుమానం అక్కర్లేదు.

అసలు ఫ్లెక్సుకి 300 డీపీఐ దేనికి? చేతిలో పట్టుకుని చదివే పత్రికకి, పుస్తకం అట్టకి అది కావాలి. మండపంలో బొమ్మని పది అడుగుల దూరం నుంచి చూస్తారు, మధ్యలో విగ్రహం, పూలదండలు, లైట్లు ఉంటాయి. 100 డీపీఐ ధారాళంగా సరిపోతుంది. పెద్ద హోర్డింగులకి నేను 72 కూడా దాటను. డాబాగార్డెన్స్ వైపు ప్రింటింగు షాపుల్లో ఎవరినడిగినా అలవాటు కొద్దీ 300 అంటారు, ఎందుకని ఎవరూ అడగరు. ఈ ఒక్క మాట వల్ల ఎంతమంది కుర్రాళ్ళు అనవసరంగా మెషీన్లు మార్చుకుంటున్నారో!

డీపీఐ మూడో వంతుకి తగ్గిస్తే ఫైల్ మూడో వంతు అవుతుందనుకుంటారు. కాదు, వెడల్పు తగ్గుతుంది, ఎత్తూ తగ్గుతుంది, కాబట్టి తొమ్మిదో వంతు అవుతుంది. 16 బిట్ల నుంచి 8కి వస్తే అందులో సగం. ఒరిజినల్‌ని పీఎస్‌బీగా (2 జీబీ దాటినా సేవ్ అయ్యే ఫొటోషాప్ ఫైల్ రకం) దాచి, కాపీని 100 డీపీఐకి, 8 బిట్లకి మార్చాం. 5 జీబీ లేయరు 276 ఎంబీకి దిగింది. ఆకాశంలో రంగు మారే చోట చారలు పడతాయేమోనని ఆమె భయపడింది, అక్కడ కాస్త నాయిస్ (సన్నటి చుక్కల గరుకు) కలిపితే ఆ బెడద లేకుండా పోయింది. తర్వాత ఆ పిల్ల బ్రష్ పట్టుకుని గీస్తే గీత చేతి వెంటే వచ్చింది. అదే ల్యాప్‌టాప్, అదే హార్డ్ డిస్కు. సాయంత్రానికి బొమ్మ ప్రింటుకి వెళ్ళింది. గొలుసు మా చెల్లెలి మెడలోనే ఉంది.

గ్రాఫిక్స్ కార్డు దండగ అనను. జూమ్ చేయడం, కాన్వాస్ తిప్పడం, కొన్ని బ్లర్ ఫిల్టర్లు దానివల్ల చురుగ్గా నడుస్తాయి. కానీ మామూలు బ్రష్ పని ఎక్కువగా ప్రాసెసర్, ర్యామ్ మీదే నడుస్తుంది. ఇంకోటి, బ్రష్‌లో స్మూతింగ్ ఎక్కువ పెట్టుకుంటే గీత కావాలనే వెనకబడి వస్తుంది. దాన్ని 0కి తెచ్చి ఒకసారి చూడండి. హిస్టరీ స్టేట్స్ (అన్‌డూ కోసం ఫొటోషాప్ గుర్తుపెట్టుకునే అడుగులు) మామూలుగా 50 ఉంటాయి, పెద్ద ఫైళ్ళకి 20 చాలు.

మన ఊళ్ళో ఉండేవాళ్ళకి మరో సంగతి. బీచ్ దగ్గరి ఇళ్ళలో ఉప్పుగాలికి, ఉక్కకి ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము అట్టకడుతుంది. లోపల వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ స్పీడు, బేస్ స్పీడు కంటే బాగా కిందికి పడితే అది వేడి వల్ల కావచ్చు. లోపల శుభ్రం చేయించండి, పరుపు మీద పెట్టి పని చేయకండి. కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు కూడా చాలా ల్యాప్‌టాప్‌లు నెమ్మదిస్తాయి, ఆ టైములో పరీక్షించి ఒక నిర్ణయానికి రావద్దు.

ఇవన్నీ చూశాక కూడా నెమ్మదిగానే ఉంటే అప్పుడు డబ్బు తీయండి. హార్డ్ డిస్కు ఉంటే ముందు ఎస్ఎస్‌డీ, తర్వాత ర్యామ్. మేనకోడలికి పండగ అయ్యాక ఆ రెండే వేయించాం. కొత్తదే కొనాల్సి వస్తే 16 జీబీకి తగ్గకండి. ఈమధ్య సన్నటి మోడళ్ళలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తున్నారు, తర్వాత పెంచుకోవడానికి ఉండదు. ర్యామ్‌కి ఖాళీ స్లాట్ ఉందో లేదో బిల్లు కట్టకముందే మోడల్ వివరాల్లో చూసుకోండి.