ఆకాశంలో ఉల్క, కింద పక్షుల పందెం

ప్రశ్న: అన్నా, 'ఫైనల్ ఫాంటసీ 7' గేమ్ ఆడుతున్నా. ఉల్క పడి లోకం నాశనమైతదంటారు, హీరో మాత్రం చోకోబో పక్షుల పందాల్లో తిరుగుతున్నాడు. ఇక టెన్షన్ ఎక్కడిది?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: నీ మాటలో సగం న్యాయం ఉంది తమ్ముడూ. నువ్వు చివరి పోరుకు దిగేదాకా ఆ ఉల్క అట్లాగే వేలాడుతుంది. నాకూ అది చిరాకే. కానీ మన దిక్కు ఒగ్గుకథలో మల్లన్న కష్టాల మధ్య హాస్యం పండించరా? నవ్వించి దగ్గరయ్యాకే ఏడిపిస్తారు.

1997లో వచ్చిన ఈ గేమ్‌లో లోకం పోతుందన్న భయం కన్నా హీరో జట్టులోని ఏరిత్ అనే అమ్మాయి చావే ఎక్కువ కోస్తుంది (నువ్వు అది దాటేశావు కాబట్టి చెబుతున్నా). యుద్ధంలో పడిపోయినవాళ్లను ఫీనిక్స్ డౌన్ అనే వస్తువుతో లేపుతాం, ఆమె విషయంలో ఆ వీలే లేదు. ఆమె జడలోని మటీరియా (మంత్రశక్తి ఉన్న గోళీ) మెట్ల మీద టక్కుటక్కున ఎగురుతూ నీళ్లలో పడుతుంది. వెంటనే పోరు మొదలైనా యుద్ధ సంగీతం రాదు, ఆమె బాణీయే సాగుతుంది. వేళ్లు బటన్ల మీద, మనసు ఇంకెక్కడో!

పందాలు మాత్రం మానకు. బంగారు రంగు చోకోబోను సాధిస్తే 'నైట్స్ ఆఫ్ రౌండ్' మటీరియా ఉన్న దీవికి పోవచ్చు.