తాగి బండి నడిపినవారికి జైలా, చికిత్సా? మా ఇంటి అనుభవం నుంచి ఒక సమాధానం

తాగి వాహనం నడిపి పట్టుబడినవారిని జైలుకు పంపడం న్యాయమా, చికిత్స చేయించడం న్యాయమా అని మీరు అడిగారు. ఈ రెంటిలో ఒకదాన్నే ఎంచుకోవాలని నేను అనుకోను. లైసెన్సు సస్పెన్షన్ అందరికీ, ఆలస్యం లేకుండా జరగాలి. రెండోసారి పట్టుబడిన మనిషిని మాత్రం వైద్య పరీక్ష చేయించకుండా ఏ కోర్టూ వదిలిపెట్టకూడదు. హైదరాబాద్‌లో క్యాబ్ నడిపి ఇల్లు పోషించిన మా అన్నయ్య రెండుసార్లు డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులో పట్టుబడ్డాడు కనుక ఈ వ్యవహారాన్ని దగ్గర నుంచి చూశాను.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నట్టు పరీక్షలో తేలితే నేరం. 2019 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత మొదటిసారి 10,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. మళ్లీ పట్టుబడితే జరిమానా 15,000, జైలు రెండేళ్ల వరకు.

మొదటిసారి అన్నయ్య బండి సీజ్ చేసి, కోర్టుకు హాజరయ్యే ముందు గోషామహల్ ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్‌కు కుటుంబ సభ్యులతో రమ్మన్నారు. వదినతో పాటు నేనూ వెళ్లాను. ప్రమాదాల దృశ్యాలు చూపిస్తుంటే వదిన ఏడ్చింది, అన్నయ్య నిజంగానే భయపడ్డాడు. ఆ కౌన్సెలింగ్ మంచి పద్ధతి అనే నా నమ్మకం. ఏ పెళ్లిలోనో, ఆఫీసు పార్టీలోనో తాగి బండెక్కినవాడికి భార్య ముందు, తల్లిదండ్రుల ముందు కూర్చుని అవన్నీ చూడడమే పెద్ద శిక్ష. అతడు చాలావరకు మళ్లీ ఆ పని చేయడు. పొద్దున లేవగానే చేతులు వణికే మనిషికి మాత్రం ఆ భయం సాయంత్రం దాకా కూడా నిలవదు. జరిమానా సంగతీ అంతే. వదిన గాజులు కుదువ పెట్టి కట్టింది. తాగినవాడు ఒకరు, శిక్ష అనుభవించింది మరొకరు. పెద్ద కారున్నవాడికీ, కిరాయి క్యాబ్ డ్రైవరుకూ అదే పదివేలు కావడం కూడా నాకు న్యాయంగా తోచదు. ఫిన్లాండ్‌లో నేరస్థుడి రోజువారీ ఆదాయాన్ని బట్టి జరిమానా లెక్కగట్టే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది, మన దగ్గర కనీసం చర్చ కూడా జరగడం లేదు.

రెండోసారి కొద్ది రోజుల జైలు పడింది. లోపలికి వెళ్లాక మందు ఒక్కసారిగా ఆగిపోవడంతో ఒళ్లంతా వణుకు, చెమటలు, ఆపైన ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియని అయోమయం మొదలయ్యాయి. ఏళ్ల తరబడి రోజూ తాగేవారిలో చివరిసారి తాగిన రెండు మూడు రోజులకు ఈ స్థితి రావచ్చని, వైద్యం అందకపోతే ప్రాణం కూడా పోవచ్చని ఆసుపత్రిలో డాక్టరు చెప్పారు. ఎన్నాళ్లుగా తాగుతున్నావు, ఎంత తాగుతున్నావు, మానితే ఏమవుతోంది అని అన్నయ్యను అడిగిన మొదటి మనిషి ఆయనే. అంతకుముందు ఊదించిన యంత్రం ఆ రాత్రి రక్తంలో ఎంత ఉందో చెప్పింది కాని, ఆ మనిషికి ఉన్నది అలవాటో జబ్బో చెప్పలేదు. అది చెప్పగలిగే డాక్టరు దగ్గరికి మొదటి కేసులోనే పంపి ఉంటే రెండో కేసు వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చికిత్స అంటే శిక్ష తప్పించడం అని కొందరు అంటారు. ప్రాణం పోయిన కేసుల్లో వారి కోపం పూర్తిగా సబబైనదే. 2016 జులైలో పంజాగుట్ట దగ్గర మద్యం తాగిన విద్యార్థి నడిపిన కారు డివైడరు దాటి మరో కారుపై పడినప్పుడు ఒక చిన్నపాప ప్రాణం పోయింది. అలాంటి చోట కౌన్సెలింగ్ అనే మాట ఎత్తడానికే మనసు రాదు. భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ల వరకు, ప్రాణం పోవచ్చని తెలిసీ చేసిన పనిగా రుజువైతే పదేళ్ల వరకు శిక్ష ఉంది. అక్కడ చికిత్స జైలుతో పాటు జరగాలే తప్ప జైలుకు బదులుగా కాదు.

నాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోచేది లైసెన్సు తిరిగి ఇచ్చే ఘట్టం. సస్పెండైన లైసెన్సు వెనక్కి రావాలంటే డ్రైవింగులో పునశ్చరణ శిక్షణ పొందాలని 2019 సవరణ చెబుతోంది. మా అన్నయ్యకు స్టీరింగు తిప్పడం రాక కాదు కదా! కొన్ని నెలల పాటు డాక్టరు పర్యవేక్షణ, మధ్యమధ్య రక్త పరీక్షలు, మానేశాడన్న ధ్రువపత్రం, ఇవి లేకుండా రెండోసారి పట్టుబడినవారికి లైసెన్సు ఇవ్వకూడదు. దానివల్ల డ్రైవరు ఉపాధి పోతుందనే మాట నిజమే, మా ఇల్లూ ఆ కష్టం పడింది. అయినా ఆ షరతు ఉండాలనే అంటాను. అన్నయ్య ఇప్పుడు ఒక గోదాములో పని చేస్తూ, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో చికిత్స కొనసాగిస్తున్నాడు, లైసెన్సు కోసం ఇంకా దరఖాస్తు చేయలేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా పట్టుబడి, రోజూ తాగేవారైతే, కోర్టు తేదీకి ముందే డాక్టరుకు చూపించి ఆ రిపోర్టును లాయరు ద్వారా మేజిస్ట్రేటు ముందు పెట్టండి. జైలు పడితే మాత్రం రోజూ తాగే మనిషి అని, మందు ఆగితే ప్రమాదమని మొదటి రోజే జైలు డాక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయండి.